తంబూర్ చేతులు మారిన శుక్రవారం

ఒమాన్ దేశంలో పారసీకుల సంగీతాన్నీ కుర్దుల సంగీతాన్నీ మొట్టమొదట కలిపినవాణ్ణి నేను. జగిత్యాల దిక్కు నుంచి సెంట్రింగ్ పనికి విమానం ఎక్కినవాడికి ఆ రెంటితో ఏం పని అని మీరు అడుగుతారు. మొన్న మస్కట్‌లో ఒక పెద్ద హాల్లో నా పక్క సీటులో కూర్చున్న కోటు పెద్దమనిషి మాత్రం అడగలేదు, నమ్మేశాడు. నిజ్వాలో టీచరుగా పనిచేసే మా అమ్మాయి సుజాత, చలికాలానికి వచ్చిన మా ఇద్దరినీ ఆ కచేరీకి తీసుకుపోయింది. వేదిక మీద ఇరాన్ అమ్మాయి ఒకతె తార్ అనే తీగవాద్యం పట్టుకుని, కుర్దు కుర్రవాడొకడు దఫ్ అనే డప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ముందుగా అనుకున్నదేమీ లేదనీ, ఒకరు ఎత్తుకున్నదానికి ఇంకొకరు అప్పటికప్పుడు జవాబు చెప్పుకుంటూ పోతారనీ, ఇలాంటిది ఈ దేశంలో ఇదే మొదలనీ మైకులో ఒకాయన చెప్పాడు. 'మొదలు' అన్న మాట చెవిన పడగానే నాకు కుర్చీలో ముళ్ళు మొలిచాయి.

"మొదలు ఇది కాదు సార్. బర్కాలో ఎన్నడో అయిపోయింది. కలిపింది నేనే" అన్నాను హిందీలో. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "మీరు ఏం వాయిస్తారు?" అని మర్యాదగా అడిగాడు. "అది పెద్ద కథ" అన్నాను నేను, తల కొంచెం పైకెత్తి. సుజాత నా మోచెయ్యి గిల్లి, "బాపూ, మెల్లగ" అంది. అటుపక్క కూర్చున్న నా భార్య ఓబులమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నాకు అలవాటే. దాన్ని నా మాటకు సాక్ష్యంగా జమకట్టుకోవడం కూడా అలవాటే. ఆ రాత్రి నిద్రపట్టక, ఆ పెద్ద కథను కాగితం మీద పెట్టాలని నిశ్చయించుకున్నాను. పెట్టాలంటే బర్కాకు పోవాలి, నా మీసం ఇంకా నల్లగా ఉన్న రోజులకు.

బర్కాలో మా అర్బాబ్, అంటే యజమాని, ఖర్జూరపు తోట చివర తలుపుల కార్ఖానా ఉండేది. ఇబ్రాలో నాతో సెంట్రింగ్ పని చేయించిన కంపెనీ, సైట్ అయిపోయాక నన్ను ఈ అర్బాబ్‌కు అప్పగించింది. సిమెంటు ముఖం మీద నుంచి కడుక్కుని టేకు పొట్టులోకి వచ్చిపడ్డాను. ఆ వాసన ఇవాళ్టికీ ఎక్కడైనా తగిలితే నిలబడిపోతాను. టేకు పొట్టు, అవిసె నూనె, అర్బాబ్ ఇంటి నుంచి సాయంత్రం వచ్చే సాంబ్రాణి పొగ, వీటన్నిటి అడుగున సముద్రపు ఉప్పు గాలి. కార్ఖానాలోంచి సముద్రం కనిపించేది కాదు గానీ, ఉతికి ఆరేసిన లుంగీ పొద్దునకు కూడా తడిగానే ఉండి సముద్రం ఎంత దగ్గరో చెప్పేది. నా పని చెక్కిన తలుపులకు ఉప్పు కాగితం పట్టడం. పువ్వుల సందుల్లో, తీగల మలుపుల్లో వేలు పెట్టి రుద్దీ రుద్దీ నా వేళ్ళ గీతలు అరిగిపోయాయి. ఆ తలుపులు చెక్కింది నేనేనని ఊరికి రాసిన ఉత్తరాల్లో రాసేవాణ్ణి, అది వేరే సంగతి.

చెక్కేవాడు ఉస్తాద్ బెహ్రూజ్. ఇరాన్‌లో షీరాజ్ ఊరి పారసీకుడు. సన్నగా, నిటారుగా, చెవుల మీద వెంట్రుకలతో ఉండేవాడు. ఆయన దినచర్య చూసి గడియారం పెట్టుకోవచ్చు. పొద్దున్నే ఎండు నిమ్మకాయ టీ, చక్కెర ముక్క పళ్ళ మధ్య బిగించి తాగడం, ఉలులన్నీ వరసగా గుడ్డ మీద పరిచి ఒక్కొక్కదాని అంచు బొటనవేలితో పలకరించడం, ఆ తరువాతే మాట. చెక్కుతున్నంతసేపూ లోపల్లోపల ఏదో రాగం తీసేవాడు. అది పువ్వు చెక్కేటప్పుడు ఒకటి, తీగ చెక్కేటప్పుడు ఒకటి. శుక్రవారం సెలవునాడు మాత్రం స్నానం చేసి, చేతులకు గులాబీ నీళ్ళు రాసుకుని, మఖ్మల్ గుడ్డలో చుట్టిన తార్ విప్పేవాడు. రెండు గిన్నెలు ఒకదానికొకటి అతికించినట్టుండే మల్బరీ చెక్క బుర్ర, దాని ముఖానికి గొర్రెపిల్ల చర్మం, పొడుగాటి మెడ, ఆరు తీగలు. ఇత్తడి ముక్కతో మీటితే వాన పడేముందు రేకుల మీద తొలి చినుకులు రాలినట్టుండేది.

రెండోవాడు కాక్ హేమిన్. కాక్ అంటే వాళ్ళ భాషలో అన్న. కిర్మాన్షా పైనున్న కొండ ఊరి కుర్దు మనిషి, మా కార్ఖానా లారీ నడిపేవాడు. తలుపులు నిజ్వాకో ఇబ్రాకో చేర్చి, దారి పొడుగునా పాడుకుంటూ వచ్చేవాడు. లారీ గేటు దగ్గరికి రాకముందే ఆయన గొంతు వచ్చేది. మా రూమ్‌లో ఆయన మంచం పైన, అందరి తలలకన్నా ఎత్తున, మేకుకు ఒక తంబూర్ వేలాడేది. దానివైపు ఎవరం కాళ్ళు చాపకూడదు. దించేముందు దాని మెడకు ముద్దు పెట్టేవాడు, వాయించాక మళ్ళీ పెట్టి తగిలించేవాడు. అదీ తీగవాద్యమే గానీ దాని ముఖానికి చర్మం లేదు, పల్చటి చెక్కే. ఇది గాక ఒక దఫ్ ఉండేది. జల్లెడంత పెద్ద గుండ్రటి చట్రానికి మేకచర్మం, చట్రం లోపల వరసగా ఇనుప రింగులు. దాన్ని కదిలిస్తే గొర్రెలమంద కొండ దిగుతున్నట్టు ఉండేది.

వాళ్ళతో మా మాటంతా గల్ఫ్ హిందీ, దానిలో సగం అరబ్బీ, పావు పార్సీ. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. ఇక ఓబులమ్మ కూడా అప్పటికే ఉంది కథలో. కడప నుంచి వచ్చి అర్బాబ్ ఇంట్లో వంటకు కుదిరింది. కార్ఖానాకూ వంటింటికీ మధ్య ఒక గోడ, ఆ గోడకు ఒక చిన్న తలుపు. మా అన్నాలు మేమే వండుకునేవాళ్ళం గానీ నేను రోజూ ఏదో వంకతో ఆ తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. "ఏం ఓబులమ్మా, పప్పున్నదా?" అంటే, "పప్పుండాది. గిన్నె యాడ? దోసిట్లో పోయమంటావా?" అనేది. గిన్నె కావాలనే మరిచిపోయేవాణ్ణి.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నా అవస్థ అర్థం కాదు. మాది ఒగ్గు కథ చెప్పే కుటుంబం. మా బాపు ప్రధాన కథకుడు. డోలు మీద చెయ్యి పడితే ఊరంతా చాపలు తెచ్చుకుని కూర్చునేది. కథకుడు ఒక్కో మాట చెబుతుంటే పక్కన వంత నిలబడి "ఆఁ" అనాలి, "అటెన్క?" అని అడగాలి. అంతే వంత పని. ఆ 'ఆఁ' లేకపోతే కథ ముందుకు కదలదు. రెండో చక్రం లేని బండి అది. నన్ను చిన్నప్పుడే వంతకు పెట్టారు. కానీ నాకు 'ఆఁ'తో సరిపోయేది కాదు. దేవుడు గుర్రమెక్కాడని బాపు అంటే, "గుర్రానికి మూతి మీద తెల్ల మచ్చ కూడ ఉండె" అనేవాణ్ణి. ఒకసారి దినం చేసుకుంటున్న ఇంట్లో ఏడుపు ఘట్టం నడుస్తుంటే నేనేదో కలిపాను. ఏడుస్తున్న ఆడవాళ్ళు పక్కున నవ్వారు. బాపు కథ ముగించి, ఇంటికొచ్చి, నా మెడలోంచి డోలు తీసేశాడు. "నోట్లె మాట ఆగనోనికి చేతుల డోలెందుకురా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ తరువాత నన్ను ఏ కథకూ పిలవలేదు. ఊరివాళ్ళు పరాయి దేశం పోదామన్నప్పుడు నేను వద్దనకపోవడానికి అది కూడా ఒక కారణం.

అందుకే శుక్రవారాలంటే నాకు ప్రాణం. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కార్ఖానా ముందు చాప పరిచేవాళ్ళు. ఉస్తాద్ తార్ ఒకపక్క, హేమిన్ తంబూర్, దఫ్ ఇంకోపక్క. దఫ్ చర్మం బర్కా తేమకు తడి అప్పడంలా మెత్తబడేది. దాన్ని నిప్పుల సెగకు చూపించి బిగించే పని నాది. మా దిక్కు ఏ చర్మవాద్యమైనా మోగేముందు నిప్పు మొహం చూడాల్సిందే, చిన్నప్పటి నుంచీ చేతికి వచ్చిన పని. సెగ చాలిందా లేదా చూడటానికి చూపుడువేలితో నాలుగు దెబ్బలు వేసేవాణ్ణి. హేమిన్ అటు తిరిగి ఉంటే ఆరు. లోకం మొత్తంలో నన్ను చర్మం మీద చెయ్యి వెయ్యనిచ్చిన చోటు అదొక్కటే.

కానీ వాళ్ళిద్దరూ కలిసి వాయించేవాళ్ళు కాదు. ఒకరి తరువాత ఒకరు వాయించి, ఆ తరువాత తగువు పడేవాళ్ళు. ఉస్తాద్‌ది గురువు దగ్గర ఏళ్ళ తరబడి వరసగా కంఠస్థం చేసిన పద్ధతి. ఏ పలుకు తరువాత ఏ పలుకో తప్పకూడదు. అదంతా రక్తంలో ఇంకాకే సొంతంగా ఒక మలుపు తిప్పే హక్కు వస్తుందనేవాడు. హేమిన్‌కు వాళ్ళ నాన్న నేర్పింది వేళ్ళ మీద లెక్కపెట్టేంతే ఉండేది, మిగిలిందంతా ఆనాటి గాలిని బట్టి పుట్టించుకోవాల్సిందే. తగువంతా ఒక్క రాగం దగ్గర వచ్చేది. బయాతె కుర్ద్ అని దాని పేరు.

"అది మా షూర్ రాగం ఇంట్లో ఒక గది" అనేవాడు ఉస్తాద్.

"గదికి మా పేరెందుకు పెట్టారు ఉస్తాద్? మా కొండ మీద పారే నీళ్ళు తెచ్చి మీ కుండలో పోసుకుని, కుండ మాది గాబట్టి నీళ్ళూ మావే అంటారా?"

"కుండ లేకపోతే నీళ్ళు నేలపాలయ్యేవి, హేమిన్ ఆఘా." కోపం పెరిగేకొద్దీ ఆయనకు మర్యాద పెరిగేది.

"నేలపాలైతేనే గడ్డి మొలుస్తుంది, ఉస్తాద్!"

ఇంత అందంగా పోట్లాడుకునేవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. గొంతులు మాత్రం అందంగా ఉండేవి కావు. అర్బాబ్‌కు వాద్యమంటే విరోధం లేదు, గోలంటే విరోధం. ఒక శుక్రవారం చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. "వచ్చే జుమ్మాకు నిజ్వా నుంచి నా వియ్యంకులు వస్తున్నారు. మీ ఇద్దరూ వాళ్ళ ముందు కలిసి వాయించండి. కలిసి, విన్నారా? కలవకపోతే ఖలాస్. ఒక్క వాద్యం కూడా నా గేటు లోపల ఉండదు. తలుపులు చెక్కండి, లారీ తోలండి, అంతే" అన్నాడు. ఆయన మాట అంటే అన్నట్టే. అంతకుముందు ఒకసారి రేడియో గోల ఎక్కువైందని దాన్ని బావిలో వేయించాడు.

ఆ వారమంతా కార్ఖానాలో ఉలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఉస్తాద్ లోపలి రాగం కూడా మానేశాడు. హేమిన్ లారీ గేటు దగ్గరికి మూగగా వచ్చేది. ఇద్దరికీ శుక్రవారం కావాలి, ఇద్దరిలో ఎవరికీ మొదటి మాట అనడం చేతకాదు. నేను అటూ ఇటూ తిరిగి రాయబారాలు చేశాను. "దఫ్ కొట్టమనండి, నేను తార్ వాయిస్తాను" అన్నాడు ఉస్తాద్. "నన్ను తన వెనక డప్పులవాణ్ణి చేస్తాడా?" అన్నాడు హేమిన్. "పోనీ నువ్వు తంబూర్ వాయించు కాక్, ఆయన తార్ వాయిస్తడు" అన్నాను. "తార్ గట్టిది, నా తంబూర్ పిట్టగొంతు. మింగేస్తుంది" అన్నాడు. ఆ మాటా నిజమే. ఒక సంగతి మాత్రం నేను గమనించాను, ఎవరికీ చెప్పలేదు. గురువారం హేమిన్ రూమ్‌లో ఒంటరిగా తంబూర్ వాయించుకుంటుంటే, ఉస్తాద్ కిటికీ బయట నిలబడి ఒకే తలుపు బందుకు నూనె వేస్తూ ఉన్నాడు. నూనె కారి చెప్పుల మీద పడుతున్నా వేస్తూనే ఉన్నాడు.

ఇక ఇక్కడికొచ్చాక నిజం చెప్పక తప్పదు. 'కలిపింది నేనే' అన్నాను గదా, ఆ కలపడం ఎట్లా జరిగిందంటే, నేను తార్ చర్మం చింపాను.

శుక్రవారం వియ్యంకులు వచ్చారు. చాపల మీద తెల్లటి బట్టల్లో వరసగా కూర్చున్నారు. కహ్వా కాఫీ గిన్నెలు తిరుగుతున్నాయి, హల్వా పళ్ళెం తిరుగుతోంది. గాలి చిక్కగా, పిండితే నీళ్ళు కారేట్టుంది. నేను గోడవారగా ఖర్జూరపు మట్టలతో నిప్పు చేసి దఫ్ కాపుతున్నాను. పక్కనే ఉస్తాద్ తార్ మఖ్మల్ గుడ్డలో చుట్టి ఉంది. ఎవరు పెట్టారో అక్కడ. పాపం దీనిదీ చర్మమే గదా, ఇదీ తేమకు మెత్తబడి ఉంటుంది, ఇవాళ మాట దక్కాలంటే రెండూ గట్టిగా మోగాలి అనుకున్నాను. డోలు తెలిసినవాడికే వచ్చే బుద్ధి అది. తీగవాద్యాల ఇంట్లో పుట్టినవాడికి కలలో కూడా రాదు. గుడ్డ విప్పకుండానే దాని ముఖం నిప్పుల వైపు తిప్పాను. కాసేపటికి 'ఫట్' మంది. ఆ చప్పుడు తోట చివరిదాకా వినిపించింది. నా గుండె కూడా అట్లాగే పగిలింది. గుడ్డ విప్పి చూస్తే గొర్రెపిల్ల చర్మం ఈ కొస నుంచి ఆ కొసకు చీలి ఉంది.

అర్బాబ్ లేచి నిలబడ్డాడు. వియ్యంకులు గిన్నెలు పట్టుకుని ఆగిపోయారు. నేను ఆ తార్‌ను చేతుల్లో పట్టుకుని, చచ్చిన పిట్టను తెచ్చినవాడిలా ఉస్తాద్ ముందుకు పోయాను. "ఉస్తాద్, నేనే. నేను కాపిన" అన్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చీలిక మీద వేలు పెట్టి ఒకసారి ఈ కొస నుంచి ఆ కొసకు నిమిరాడు, తార్ పక్కన పెట్టాడు, అంతే. ఎంత పెద్ద మనసు! తరువాత ఎన్నేళ్ళు తలుచుకున్నానో ఆ మౌనాన్ని. మనుషుల్లో అంత క్షమ నేను మళ్ళీ చూడలేదు.

ఆ తరువాత ఆయన హేమిన్ వైపు తిరిగాడు. రెండు చేతులూ చాచాడు, అరచేతులు పైకి. హేమిన్ ఆ చేతుల వంక చూశాడు, అర్బాబ్ కర్ర వంక చూశాడు, నా వంక చూశాడు. ఆ తంబూర్‌ను ఇంకొకరు తాకగా నేనెన్నడూ చూడలేదు. దాని మెడకు ముద్దు పెట్టి ఆయన చేతుల్లో ఉంచాడు. ఉస్తాద్ కూడా, అదే చోట, ముద్దు పెట్టాడు. హేమిన్ కళ్ళు దించుకుని నేనిచ్చిన దఫ్ అందుకున్నాడు, నేను మళ్ళీ గోడవారకు జరిగాను.

తంబూర్‌ను ఇత్తడి ముక్కతో మీటరు, ఉత్త వేళ్ళతోనే. ఉస్తాద్ గోటితో మొదలుపెట్టాడు. ఏం ఎత్తుకున్నాడనుకున్నారు? వాళ్ళు పోట్లాడుకున్న ఆ రాగమే. కానీ ఆయన పద్ధతిలో ఒక స్వరం ఉంది, రెండు మెట్ల మధ్య సందులో ఉంటుంది. తార్ మెడ మీద దానికి మెట్టుంది, తంబూర్‌కు లేదు. ఆయన ఆ తీగను వేలితో పక్కకు లాగి, వంచి, ఆ స్వరాన్ని బతిమాలి తెచ్చాడు. అది సగం దారిలో వణికింది. అప్పుడు హేమిన్ తల ఎత్తడం చూశాను. తన ఊరి పాట షీరాజ్ యాసలో మాట్లాడుతుంటే విన్నవాడి ముఖం అది. ఉస్తాద్ ఇంకో పలుకు పలికాడు, ఇంకోటి. వరస ప్రకారం తరువాతి పలుకు దగ్గరికి వచ్చేసరికి దానికి కావలసిన మెట్లు అసలు లేవు. చెయ్యి ఆగింది.

అందరూ చూస్తున్నారు. ఆ నిశ్శబ్దం ఇంకొంచెం సాగితే చాలు, వాద్యాలు గేటు బయటే. అప్పుడు ఆ గోడవార నుంచి ఒక కేక వచ్చింది: "ఆఁ! అటెన్క?"

అది నేనే. అనాలని అనలేదు. కథకుడు ఆగితే వంత అడగాలి, అది ఎముకల్లో ఉన్న అలవాటు. సిగ్గుతో చచ్చిపోయాను. వియ్యంకుల్లో ఒక ముసలాయన నవ్వాడు. ఉస్తాద్‌కు తెలుగు ముక్క తెలియదు. అయినా నా వంక చూసి కనుబొమలు ఎగరేసి, ముందుకు పోవాల్సిన చోట వెనక్కి తిరిగాడు. వరస వదిలేశాడు. మొదట పలికినదాన్నే తీసుకుని దాన్ని ఇంకో దారిన నడిపించాడు, తాను ఎన్నడూ నడవని దారిన. హేమిన్ వేలు దఫ్ మీద పడింది. కొట్టలేదు, పసిబిడ్డ వీపు నిమిరినట్టు వేలి కొసలతో తట్టాడు, తంబూర్ పిట్టగొంతు మునిగిపోకుండా. ఆ తరువాత తాను గొంతెత్తాడు. కొండ మీద నుంచి ఇంకో కొండకు పిలిచే గొంతు. ఆయన పాడింది ఉస్తాద్ వాయించాడు, వాయించినదాన్ని వంచి తిరిగి ఇచ్చాడు. ఉస్తాద్ వంచినదాన్ని హేమిన్ విరిచి పాడాడు. ఎవరిది కుండో ఎవరివి నీళ్ళో ఇక చెప్పడానికి వీల్లేదు. ప్రతి మలుపు దగ్గరా నేను "ఆఁ" అంటూనే ఉన్నాను. ఒక్కసారి కూడా గుర్రానికి మచ్చ పెట్టలేదు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడేదాకా నడిచింది. ఆపాక అర్బాబ్ కర్రతో నేల మీద ఒక్క దెబ్బ కొట్టి, "వచ్చే జుమ్మా కూడా" అన్నాడు.

ఆ తరువాత శుక్రవారాలు ఎన్నో నడిచాయి. తార్‌కు కొత్త చర్మం వచ్చాక కూడా ఉస్తాద్ సగం రోజులు తంబూర్ కోసమే చెయ్యి చాపేవాడు. పక్క తోటలవాళ్ళు వచ్చేవాళ్ళు. హేమిన్ తన ఊరు వెళ్ళిపోతూ ఆ దఫ్ నాకు ఇచ్చిపోయాడు. జగిత్యాలలో మా బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రింగులు కదిలించి, కొంచెంసేపు వాయించి, "ఇచ్చినోడు మంచోడు" అన్నాడు. నా సంగతి ఏమీ అనలేదు గానీ ఆ ఏడు ఒక కథలో వంతకు నిలబడమన్నాడు. ఉస్తాద్ షీరాజ్‌లో పోయాడని చాలా ఏళ్ళకు తెలిసింది. ఇప్పుడు ఆ కార్ఖానా ఉన్న చోట కార్ల టైర్లు అమ్ముతున్నారు. మొన్న మస్కట్ హాల్లో ఆ పిల్లలిద్దరూ అద్భుతంగా వాయించారు, అబద్ధం ఎందుకు. ఒక్కో వాద్యానికి ఒక్కో మైకు. దఫ్ పెద్దదైతే వెనకాల ఎవడో మీట తిప్పి తగ్గిస్తాడు, తార్ చిన్నదైతే పెంచుతాడు. మా రోజుల్లో తగ్గడమూ పెరగడమూ చేతులతోనే, మనుషుల మధ్యనే జరగాల్సి వచ్చేది. అందుకే వాళ్ళది బాగుంది, మాది గొప్పగా ఉంది. ఆ గొప్పలో నా వాటా ఒక నిప్పు కుంపటి. తెలివితక్కువ పనే కావచ్చు, ఆ చర్మం చిరగకపోతే ఆ తంబూర్ చేతులు మారేదా? అందుకని కలిపినవాణ్ణి నేనేనని ఇప్పటికీ అంటాను.

ఇంతవరకు రాసి ఓబులమ్మకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తీయడం ఆపలేదు.

"చర్మం నువ్వు చింపలేదు" అంది.

"అదేంది? ఫట్ మన్నది, అందరు విన్నరు."

"ఫట్ మనింది పొయ్యిలో మట్ట. నాలుగు పొరల గుడ్డలో ఉండేదానికి నీ సెగ యాడ తగల్తాది? ఆ పొద్దున టీ కోసరం వచ్చి మా వంటింటి గడప మీద కూచున్నాడు ఉస్తాద్. గుడ్డ ఇప్పినాడు. అప్పుటికే చిరిగి ఉండాది, తేమకో ఏమో. అయ్యో ఉస్తాద్ అంటి. ఆయప్ప ఏడుచ్చాడేమో అనుకుంటే నవ్వినాడు. 'ఈరోజు హేమిన్ నాకు తంబూర్ ఇయ్యక ఏం చేస్తాడు' అన్నాడు. ఎవరికీ చెప్పాకు అని నోటి మీద ఏలు పెట్టుకోని, మళ్ళా భద్రంగా చుట్టి, సాయంత్రం తీసకపోయి నీ నిప్పుల పక్కన పెట్టినాడు."

కాగితాలు నా ఒళ్ళోనే ఉన్నాయి. ఆ పెద్ద మనసు, ఆ మౌనం, ఆ క్షమ!

"ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"పెద్దాయన చెప్పద్దన్నాడు. ఆయన పొయ్యినంక చెబుదామంటే, నేనే చింపిన నేనే చింపిన అని చెప్పేటప్పుడు నీ మొగం చూసి ఊరకుంటి."

"అయితే నేను చేసిందేముంది మరి అండ్ల? ఏం లేదా?"

ఓబులమ్మ చాట పక్కన పెట్టి నా వంక చూసింది.

"ఆఁ అన్నావు గదా. గోడకు ఇవతలుండి నేనే విన్నా. అదేమో ఒక్క ముక్కలో రాసి సిగ్గుపడితివి, నువ్వు చింపని చర్మమేమో అంత పొడుగు చింపితివి. తిరగ రాయి."